కోడూ గోడూ: ఆ రోజు అట్ల ఎందుకు చేశారు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో జీతాల మీద రెండు, ఉద్యోగం మారడం మీద ఒకటి ఉన్నాయి, వాటి సంగతి వచ్చే నెల చూద్దాం. మిగతావన్నీ చుట్టూ తిరిగి ఒకే దగ్గరికి వచ్చి ఆగాయి. ఎవరో ఎప్పుడో ఒక డిజైన్ నిర్ణయం తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారో చెప్పడానికి ఇప్పుడు మనిషి లేడు, కాగితమూ లేదు. అందుకే వాటన్నిటినీ ఒక్క దగ్గర వేసి రాస్తున్నా. కొంచెం పొడుగైంది, జర ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, మాది ఆరుగురి టీం. రైస్ మిల్లులకు కాంటా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. నేను చేరి ఎనిమిది నెలలైంది. మా ప్రోగ్రాంలో ట్రాక్టర్ బరువు ముందు మిల్లులో ఉన్న కంప్యూటర్‌లోనే ఒక చిన్న డేటాబేస్‌లో పడుతుంది, అక్కణ్నుంచి ఇంకో ప్రోగ్రాం దాన్ని సర్వర్‌కి పంపుతుంది. నాకది డబుల్ పని అనిపించింది. మధ్యలోది తీసేసి నేరుగా సర్వర్‌కే పోయేలా మార్చాను. మూడొందల లైన్ల కోడ్ తగ్గింది, అందరూ మెచ్చుకున్నారు కూడా. వానాకాలం వడ్లు దిగే రోజుల్లో ఒక సాయంత్రం నెట్ పోయింది, కాంటా ఆగింది, ట్రాక్టర్లు రోడ్డు దాకా లైను కట్టాయి. ఇప్పుడు తప్పంతా నాదే అంటున్నారు. ఆ కోడ్ రాసినాయన రెండేళ్ల కిందే మానేశాడు. నాకెట్లా తెలుస్తుంది సార్?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, సగం తప్పు నీదే. ముందు అది ఒప్పేసుకుంటే మిగతాది మాట్లాడుకోవడం తేలిక. మూడొందల లైన్లు పీకేసే ముందు "ఇది ఇక్కడ ఎందుకుంది" అని ఒక్కరినైనా అడగాల్సింది, ఆ మానేసినాయన నంబరు టీంలో ఎవరో ఒకరి ఫోన్‌లో ఉండే ఉంటుంది, ఒక్క కాల్ పని. మన చెరువులకు అలుగు ఉంటుంది చూడు. ఎండాకాలంలో పోయి చూస్తే అదొక దండగ గోడ, పిల్లలు ఎక్కి ఆడుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదనిపిస్తుంది. అదేదో అడ్డంగా ఉందని మూసేశామనుకో, చెరువు నిండిన రాత్రి కట్ట తెగుతుంది. నువ్వు ఆ కోడ్‌ని నెట్ బాగున్న నెలల్లో చూశావు, అంతే తేడా.

మిగతా సగం మాత్రం టీందే, దాన్ని నీ మీద వేయడం అన్యాయం. కోడ్ ఏం చేస్తుందో కోడ్ చదివితే తెలుస్తుంది. ఎందుకు అట్ల చేస్తుందో అందులో ఉండదు, ఇంకేమేం అనుకుని వద్దనుకున్నారో అసలే ఉండదు. ఆ మూడొందల లైన్లు మూడొందల సార్లు చదివినా "సీజన్‌లో సాయంత్రం పూట నెట్ పోతుంది" అనే మాట నీకు దొరకదు, ఎందుకంటే అది కోడ్‌లో లేదు, మిల్లులో ఉంది. 2005లో ఆంటన్ యాన్సెన్, యాన్ బాష్ అనే ఇద్దరు పరిశోధకులు సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్ అంటే బొమ్మలూ డబ్బాలూ కాదు, తీసుకున్న నిర్ణయాల మూట అని వాదిస్తూ, ఆ నిర్ణయాల వెనకున్న తెలివి రాసిపెట్టకపోతే ఆవిరైపోతుందన్నారు. ఉప్పుడు బియ్యం మిల్లుల పక్కన పెరిగినవాడివి, ఆవిరి గురించి నీకు నేను చెప్పేదేముంది.

మరి ఏం రాయాలి? 2011 నవంబరులో మైకేల్ నైగార్డ్ అనే ఆయన ఒక చిన్న పద్ధతి చెప్పాడు, దాన్నే ఇప్పుడందరూ ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డు, ముద్దుగా ఏడీఆర్ అంటున్నారు. ఒక్క నిర్ణయానికి ఒక్క ఫైలు, పేజీ రెండు పేజీలకు మించకుండా. పేరు, స్థితి, సందర్భం, నిర్ణయం, పర్యవసానాలు, ఇంతే. చెప్పడం దేనికి, నువ్వు పీకేసిన దానికి ఆనాడే ఎవరైనా రాసి ఉంటే ఎట్లుండేదో చూడు:

"14. కాంటా బరువు ముందు మిల్లులోనే దాచాలి, తర్వాత సర్వర్‌కి పంపాలి.
స్థితి: ఒప్పుకున్నాం.
సందర్భం: మిల్లులు ఎక్కువ శాతం ఊరి బయట ఉన్నాయి. సీజన్‌లో సాయంత్రం పూట కరెంటు, నెట్ రెండూ పోతుంటాయి. తూకం స్లిప్పు చేతికి రాకపోతే ట్రాక్టర్ కదలదు, అది కదలకపోతే వెనకున్నవీ కదలవు.
నిర్ణయం: బరువును మిల్లు కంప్యూటర్‌లో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో రాసి వెంటనే స్లిప్పు ఇస్తాం. సర్వర్‌కి పంపేది వేరే ప్రోగ్రాం, అది అందేదాకా నిమిషానికోసారి ప్రయత్నిస్తుంది.
వద్దనుకున్నవి: నేరుగా సర్వర్‌కి పంపడం. నెట్ లేకపోతే కాంటా ఆగుతుంది. రెండో కంపెనీ సిమ్ పెట్టడం. కరెంటు పోతే టవర్లు రెండూ పడుకుంటున్నాయి, చూశాం.
పర్యవసానాలు: నెట్ లేకున్నా తూకం నడుస్తుంది. ఆఫీసులో లెక్క ఆలస్యంగా కనిపిస్తుంది, ఓనర్లు ఫోన్ చేస్తారు. రెండు కాంటాలున్న మిల్లులో ఒకే బిల్లు నంబరు రెండుసార్లు పడొచ్చు, అందుకే కాంటాకొక అక్షరం ముందు పెట్టాలి. ఒకే బిల్లు సర్వర్‌కి రెండుసార్లు చేరొచ్చు, అందుకే ప్రతి బిల్లుకూ విడి ఐడీ ఉండాలి, రెండోసారి వచ్చినదాన్ని సర్వర్ వదిలేయాలి. పంపకముందే డిస్క్ చెడితే ఆ బిల్లులు పోయినట్టే.
మళ్లీ ఎప్పుడు చూడాలి: మిల్లులన్నిటికీ ఫైబర్ లైనూ, కాంటా గదికి కరెంటు బ్యాకప్పూ వచ్చాక."

చదవడానికి రెండు నిమిషాలు. ఇది చూశాక నువ్వు ఆ కోడ్ మీద చెయ్యి వేసేవాడివా? వేసినా కనీసం సిమ్ ఐడియా మళ్లీ పట్టుకొచ్చేవాడివి కాదు. "వద్దనుకున్నవి", "మళ్లీ ఎప్పుడు చూడాలి" అనే శీర్షికలు నైగార్డ్ చెప్పిన ఐదింట్లో లేవు, నేను కలిపినవి. నా దృష్టిలో మొత్తం కాగితంలో ఆ రెండే బంగారం. ఓడిపోయిన ఆలోచన రాయకపోతే ఆర్నెల్లకోసారి ఎవడో ఒకడు అదే ఆలోచనతో కొత్తగా వస్తాడు, మళ్లీ అదే పంచాయితీ మొదలవుతుంది.

పర్యవసానాల దగ్గర మాత్రం నిజాయితీ కావాలి. చాలామంది లాభాలు రాసి చేతులు దులుపుకుంటారు. మన జిల్లా పేరు మీదే నల్లగొండ టెక్నిక్ అని ఒకటుంది కదా, నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసింది, నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ని అడుగుకు దింపే పద్ధతి. ఫ్లోరైడ్ తగ్గుతుంది, నిజమే, అడుగున బురదా మిగులుతుంది, అది ఎక్కడ పోయాలన్నది మళ్లీ ఒక పని. ఏ డిజైన్ అయినా అంతే, దాని బురద దానికుంటుంది. "డిస్క్ చెడితే బిల్లులు పోయినట్టే" అన్న వాక్యం రాయడానికి మనసొప్పదు. కానీ ఆ వాక్యం చూసే ఎవరో ఒకరు రోజూ పెన్‌డ్రైవ్‌లో కాపీ తీసే ఏర్పాటు చేస్తారు.

ఇక నువ్వు చేయాల్సింది: గిట్‌లో, అదే కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనంలో, ఆ మార్పును వెనక్కి తిప్పు, పైన రాసింది నీ టీం సంగతులకు తగ్గట్టు సరిచేసి అదే మార్పుతో పాటు ఫోల్డర్‌లో పెట్టు. రాసేది నువ్వే అయ్యుండాలి. ట్రాక్టర్ల లైను కళ్లారా చూసినవాడికంటే బాగా సందర్భం రాయగలిగేది ఎవరు?

ప్రశ్న: నేను టీం లీడ్‌ని. మా ప్రాజెక్టుకు 64 పేజీల డిజైన్ డాక్యుమెంట్ ఉంది, క్లయింట్ అడిగితే అప్పట్లో చేశాం. ఎవరూ తెరవరు, తెరిచినా సగం ఇప్పుడు నిజం కాదు. దాన్ని పారేసి మీరు చెప్పే చిన్న రికార్డులు మొదలుపెట్టాలని ఉంది. కానీ మూడేళ్ల కిందటి నిర్ణయాలకు ఇప్పుడు కూర్చుని కారణాలు రాస్తే అవి దొంగ లెక్కలు కావా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, పారేయకండి, అటక మీద పెట్టండి. 64 పేజీల డాక్యుమెంట్ చచ్చిపోవడానికి కారణం అందులో తప్పులుండటం కాదు, ఒక్క లైను మార్చాలన్నా మొత్తం చదవాల్సి రావడం. ఎవరికీ అంత తీరిక ఉండదు, అందుకే ఎవరూ మార్చరు, మార్చరు కాబట్టి ఎవరూ నమ్మరు. చిన్న ఫైళ్లకు ఆ బాధ లేదు. కోడ్ ఉన్న రిపాజిటరీలోనే ఒక ఫోల్డర్, అందులో వరస నంబర్లతో ఫైళ్లు, కోడ్ మార్పూ రికార్డూ ఒకే పుల్ రిక్వెస్ట్‌లో (మార్పును కలపమని టీంకి పెట్టే అర్జీ). డ్రైవ్‌లో వేరే చోట పెడితే మర్చిపోతారు, నేను పెట్టి చూశాను కాబట్టి చెబుతున్నా.

నా సంగతీ ఒకటి చెప్పుకోవాలి. హైదరాబాద్‌లో చేసే రోజుల్లో ఒక పెద్ద నిర్ణయం మీద మేం నలుగురం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి దాకా కొట్టుకున్నాం, బోర్డు నిండా గీశాం, చివరికి తెలివిగా ఫోన్‌తో ఫోటో తీసుకున్నాం. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. నాలుగు డబ్బాలు, ఏడు బాణాలు, ఒక బాణం పక్కన ఎర్ర మార్కర్‌తో పెద్దగా "వద్దు!!" అని రాసి కింద రెండు గీతలు. ఏది వద్దన్నామో, ఎందుకు వద్దన్నామో నలుగురిలో ఒక్కడికీ గుర్తులేదు. ఏడాది తర్వాత అదే వద్దన్నదాన్ని కట్టామో, కట్టలేదో కూడా తేల్చుకోలేకపోయాం.

నిర్ణయం మారితే పాత ఫైలు చెరపకండి, దిద్దకండి. కొత్త నంబరుతో కొత్తది రాసి, పాతదాని స్థితి దగ్గర "దీని స్థానంలో 22 వచ్చింది" అని ఒక్క లైను పెట్టండి. ప్లాటు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం చూశారా, అమ్మినాయనకు ఎవరు అమ్మారు, ఆయనకు ఎవరు అమ్మారు అని. కొత్త రిజిస్ట్రేషన్ అయిందని పాత దస్తావేజును ఎవరూ చింపరు. ఇంటర్నెట్‌ను కట్టినవాళ్లూ ఇదే చేశారు. 1969 ఏప్రిల్‌లో మొదటిది రాసిన ఆర్‌ఎఫ్‌సీల్లో, అంటే ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే నంబర్ల కాగితాల్లో, ఒకసారి నంబరుతో బయటికి వచ్చినదాన్ని మార్చరు, దాన్ని కాదనే కొత్తది ఇంకో నంబరుతో వస్తుంది.

ఇక దొంగ లెక్కల సంగతి. 1986లో డేవిడ్ పార్నస్, పాల్ క్లెమెంట్స్ దీనిమీదే ఒక వ్యాసం రాశారు. డిజైన్ ఎప్పుడూ పద్ధతి ప్రకారం సాగదు, అయినా పద్ధతి ప్రకారం సాగి ఉంటే ఎట్లుండేదో అట్లా డాక్యుమెంట్లు రాయండి, తర్వాత వచ్చేవాడికి కావాల్సింది అదే, అన్నది వాళ్ల వాదన. నేను చాలావరకు ఒప్పుకుంటా, ఒక్క షరతు మీద: తర్వాత రాసిందని పైన రాయండి. "ఇది మూడేళ్ల తర్వాత, ఇద్దరిని అడిగి రాసింది" అన్న ఒక్క మాటతో దొంగ లెక్క కాస్తా సాక్ష్యం అవుతుంది. గుర్తులేనిచోట గుర్తులేదనే రాయండి, అందంగా కారణం అల్లకండి. అన్నిటికీ వెనక్కి వెళ్లి రాయాలని కూర్చుంటే మాత్రం నెలలో విసుగొచ్చి మానేస్తారు. కొత్తగా చేరినవాళ్లు ఏ ప్రశ్న రెండుసార్లు అడుగుతారో దానికి మాత్రం రాయండి.

ప్రశ్న: అన్నా, అన్నిటికీ రికార్డు రాస్తూ పోతే కోడ్ ఎప్పుడు రాయాలి? ఏది రాయాలి, ఏది వదిలేయాలి?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: బోరు వేసే ముందు నలుగురిని అడుగుతాం, నీళ్లు చూసేవాణ్ని పిలిపిస్తాం, అప్పు ఎక్కడ తేవాలో లెక్కేస్తాం. బోరు నుంచి మడికి పోయే పైపు మార్చడానికి ఎవరినీ అడగం. డేటాబేస్ ఏది, డబ్బు లెక్క ఎక్కడ ఉండాలి, బయటివాళ్ల ప్రోగ్రాంలు మనదానితో మాట్లాడే ఏపీఐ ఎట్లుండాలి, లాగిన్ మనమే చేయాలా బయటిది వాడాలా, ఇవి బోర్లు. బటన్ల లైబ్రరీ, ఫోల్డర్ల పేర్లు పైపులు. అమెజాన్ జెఫ్ బెజోస్ 2015 సంవత్సరానికి వాటాదారులకు రాసిన ఉత్తరంలో ఇదే సంగతిని తలుపులతో చెప్పాడు, ఒకవైపే తెరుచుకునేవి (దాటితే వెనక్కి రావడం కష్టం), రెండువైపులా తెరుచుకునేవి (నచ్చకపోతే తిరిగి రావచ్చు) అని. నాకు బోరే నచ్చుతుంది.

మధ్యలో ఉండేవాటికి పేజీ అక్కర్లేదు, కోడ్ పక్కనే ఒక కామెంట్ చాలు. డబ్బును పైసల్లో పూర్ణాంకంగా దాచారనుకో, "ఫ్లోట్ దశాంశాల్లో దాస్తే 0.1, 0.2 కలిపినా సరిగ్గా 0.3 రాదు" అని అక్కడే ఒక లైను పెట్టు, సరిపోతుంది.

ప్రశ్న: సార్, మా టీంలో అందరం తెలుగువాళ్లమే. కారణాలన్నీ నోటితో బాగా చెబుతాను, ఇంగ్లీషులో రాయమంటే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. రేపు రాద్దాం అనుకుంటూ వాయిదా వేస్తున్నా. తెలుగులో రాస్తే తప్పా?
– ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్

జవాబు: తప్పేముంది చెల్లె? అసలు ఈ ప్రశ్న ఇంకా ముందే ఎవరైనా అడుగుతారని చూస్తున్నా. ఇంగ్లీషులో రాయాలన్న టెన్షన్‌తో "బెటర్ పెర్ఫార్మెన్స్ కోసం" అని ఒక ముక్క రాసి వదిలేసిన రికార్డులు నేను చాలా చూశాను. అదే మనిషి చాయ్ తాగుతూ పది నిమిషాలు అద్భుతంగా చెబుతాడు, ఏ మిల్లులో ఏమైందో, ఎవరు ఏమన్నారో. కాగితం మీదికొచ్చేసరికి ఆ పది నిమిషాలూ పోతాయి.

ఓలాఫ్ జిమ్మర్‌మన్ అనే ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ ఒక నిర్ణయం మొత్తాన్ని ఒకే వాక్యంలో ఇమిడ్చే నమూనా ఒకటి చెప్పాడు. దాన్ని మన మాటల్లో పెడితే ఇట్లా వస్తుంది: ఫలానా పనిలో, ఫలానా ఇబ్బంది వచ్చి, ఫలానాది వద్దనుకుని, ఫలానా లాభం కోసం, ఫలానా నష్టానికి ఒప్పుకుని, ఫలానాది ఎంచుకున్నాం. చూడు, తెలుగు వాక్యం ఎట్లాగూ క్రియ కోసం చివరిదాకా ఆగుతుంది కాబట్టి ఇది మనకు ఎంత సాఫీగా పలుకుతుందో! తీరిక లేని రోజు ఆ ఒక్క వాక్యమే రాసి పెట్టు.

ఒక చిన్న కిరికిరి ఉంది. ఫైలు లోపల తెలుగు ఎంతైనా రాసుకో, యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతి) గిట్‌కు ఏ ఇబ్బందీ లేదు. ఫైలు పేరు తెలుగులో పెడితే మాత్రం గిట్ స్టేటస్‌లో అది అక్షరాల్లా కనిపించదు, 340, 260 అంటూ అంకెల దండ పడుతుంది. కోర్ డాట్ కోట్‌పాత్ అనే సెట్టింగ్‌ను ఫాల్స్ చేస్తే సరిపోతుంది గానీ, ప్రతి ఒక్కరి మెషీన్‌లో చేయాలి. అందుకని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, లోపల తెలుగు. రేపు టీంలోకి తెలుగు రాని మనిషి వస్తే అప్పుడు కూర్చుని మార్చుకోవచ్చు, అసలంటూ రాసినది ఉంటే.

ప్రశ్న: మా ఆఫీసులో నిర్ణయాలన్నీ మా సార్ ఒక్కరే తీసుకుంటారు. కారణం అడిగితే కోపం వస్తుంది. రికార్డులో సందర్భం దగ్గర "సార్ చెప్పారు" అని రాయాలా? అట్లా రాస్తే నా ఉద్యోగం ఉంటుందా?
– పేరు వద్దన్న పాఠకుడు, నల్లగొండ

జవాబు: నవ్వొచ్చింది గానీ, నవ్వే విషయం కాదులే. మా ఊరు కాబట్టి ఎవరి ఆఫీసో కూడా ఊహించొచ్చు, ఊహించను.

మన దగ్గర పెద్దవాళ్లను "ఎందుకు" అని అడిగితే అది ప్రశ్నలా వినిపించదు, ఎదురు తిరిగినట్టు వినిపిస్తుంది. అందుకే ఆ మాట వాడకు. "సార్, రేపు కొత్తవాళ్లు అడిగితే ఏం చెప్పమంటారు?" అని అడిగి చూడు. అదే ప్రశ్న, కానీ ఇప్పుడాయన నీకు కాదు, రాబోయేవాళ్లకు చెబుతున్నాడు, చెప్పడం ఆయనకు ఇష్టం కూడా. నువ్వు రాసుకోవడమే. మా పాత మేనేజర్ దగ్గర ఈ ఒక్క మాటతో నేను రెండేళ్లు నెట్టుకొచ్చాను.

అట్లా అడిగితే తెలిసేదేంటంటే, "సార్ చెప్పారు" వెనక నూటికి తొంభైసార్లు ఒక మామూలు కారణం ఉంటుంది. ఏడాదికి సరిపడా సర్వర్ డబ్బు ముందే కట్టేశారు. క్లయింట్‌కు నోటిమాటగా ఒప్పుకున్నారు. ఆ టెక్నాలజీ తెలిసిన మనిషి ఈ జీతానికి ఇక్కడ దొరకడు. ఇవన్నీ సిగ్గుపడాల్సిన కారణాలేం కావు, డబ్బు, గడువు, దొరికే మనుషులు, వీటిని బట్టే డిజైన్ నిలుస్తుంది. కాబట్టి "సార్ వినలేదు" అని కాదు, "సర్వర్‌కు వచ్చే మార్చి దాకా డబ్బు కట్టి ఉంది, అందుకని దాన్నే వాడుతున్నాం" అని రాయి. అందులో ఎవరి పేరూ లేదు, ఎవరి మీదా నింద లేదు. పైగా వచ్చే ఏప్రిల్‌లో దాన్ని మార్చమని అడగడానికి నీ చేతిలో కాగితం ఉంది.

ఈ రికార్డు ఆయన్నీ కాపాడుతుంది, వీలైతే ఆ సంగతి ఆయనకు చెప్పు. సాగర్ డ్యాం చూశావు కదా. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, అసలు డ్యాం అంతా రాతి కట్టడం. ఇవాళ ఇంజినీరింగ్ చదివే పిల్లవాడు గట్టు మీద నిలబడి కాంక్రీటుతో ఎందుకు కట్టలేదు, తెలివిలేదా అంటాడు. ఆ రోజుల్లో యంత్రాలు తక్కువ, బయటి దేశాల నుంచి తెప్పించుకునే డబ్బు తక్కువ, రాయి దగ్గర్లోనే ఉంది, పనికొచ్చే చేతులు వేలల్లో ఉన్నాయి. ఇవి తెలిస్తే ఆ పిల్లవాడే వాళ్లకు దండం పెడతాడు. మీ సార్ ఇవాళ తీసుకున్న నిర్ణయాన్ని చూసి ఐదేళ్ల తర్వాత ఎవడో నవ్వుతాడు, ఇవాళ్టి పరిస్థితి రాసిపెట్టి ఉంటే తప్ప.

నిజంగానే ఏ కారణమూ లేదు, ఆయనకు అట్లా అనిపించింది అంతే అంటావా? అప్పుడు "రెండూ సమానమే అనిపించాయి, ఒకటి ఎంచుకున్నాం" అని రాయి. అదీ పనికొచ్చే సమాచారమే. మార్చాలనుకునేవాడు భయం లేకుండా మార్చుకోవచ్చు.

ప్రశ్న: సార్, బీటెక్ ఫైనలియర్. క్యాంపస్ ఇంటర్వ్యూలో నా ప్రాజెక్టు ఆర్కిటెక్చర్ గీయమన్నారు, గీశాను. ఈ డబ్బా ఇక్కడ ఎందుకు అన్నారు, నోరు పెగల్లేదు. ఆర్కిటెక్చర్ అంటే ఆ బొమ్మే కదా?
– ఒక విద్యార్థి, వనపర్తి

జవాబు: బొమ్మ మూడింట రెండు వంతులే. 1992లో డెవెయిన్ పెర్రీ, అలెగ్జాండర్ వోల్ఫ్ సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్‌కు ఒక లెక్క చెప్పారు: భాగాలు, అవి అమరిన తీరు, ఆ తీరు వెనకున్న కారణం. మొదటి రెండూ నువ్వు గీశావు, వాళ్లు మూడోది అడిగారు. ప్రాజెక్టును గైడ్ ఇచ్చిన పాత బ్యాచ్ రిపోర్టు చూసి కట్టి ఉంటావు, కోప్పడను, అందరూ అదే చేస్తారు. ఇప్పుడు కూర్చుని ప్రతి డబ్బా పక్కన రెండు ముక్కలు రాసుకో: ఇది తీసేస్తే ఏం ఆగుతుంది, దీని బదులు ఇంకేం పెట్టొచ్చు. "తీసేస్తే ఏమీ ఆగదు" అని తేలితే ఆ డబ్బా తీసెయ్. వచ్చే ఇంటర్వ్యూలో ఎందుకు తీసేశావో చెప్పు, అంతకంటే మంచి జవాబు ఉండదు.

ప్రశ్న: ఇప్పుడు ఏఐ ఉంది కదా సార్, కోడ్ మొత్తం దానికిచ్చి రికార్డులు రాయమంటే పోదా? మనమెందుకు కష్టపడాలి?
– ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: నేనూ అదే అనుకుని చూశాను. నువ్వు మాటల్లో చెబితే చక్కగా సర్దిపెడుతుంది, శీర్షికలు వేస్తుంది, మర్చిపోయిన పర్యవసానం ఒకటీ అరా గుర్తు చేస్తుంది. ఆ పనికి వాడుకో, మంచిదే. కారణం మాత్రం నువ్వే ఇవ్వాలి.

మా దగ్గర ఒక కాంటా ప్రోగ్రాం ఉంది. బరువు అంకె నిలకడగా ఆగాక కూడా 45 సెకన్లు ఊరికే ఉండి, అప్పుడు గానీ సేవ్ బటన్ తెరవదు. 45 ఎందుకు, 10 ఎందుకు కాదు? ఏఐని అడిగాం. లోడ్‌సెల్ (బరువును పట్టే సెన్సర్) ఊగిసలాట తగ్గడానికని, సీరియల్ కేబుల్ ఆలస్యానికని, ఒక పేరాగ్రాఫ్ పొందిగ్గా రాసిచ్చింది. చదివితే నమ్మేలాగే ఉంది, మా కుర్రాడు నమ్మి దాన్ని రికార్డులో పెట్టేశాడు కూడా. నాకెందుకో అనుమానం వచ్చి, ఆ ప్రోగ్రాం మొదట్లో పెట్టించుకున్న మిల్లు గుమస్తాకు ఫోన్ చేశాను. ఆయన నవ్వి, "అది నేనే అడిగి పెట్టించుకున్న సార్. కుర్చీలోంచి లేచి, బయటికొచ్చి, ట్రాక్టర్ చక్రాలన్నీ ప్లాట్‌ఫాం మీదున్నాయా, డ్రైవర్ దిగిండా లేదా చూసి మళ్లీ వచ్చి కూర్చోవాలంటే నాకు అంత టైం పడుతది. నాకు మోకాళ్ల నొప్పులు" అన్నాడు.

ఏఐ రాసింది తీసేసి ఆయన చెప్పింది పెట్టాం. మా ఫోల్డర్‌లో 31వ నంబరు. కింద "మళ్లీ ఎప్పుడు చూడాలి" దగ్గర మా కుర్రాడు "గుమస్తా మారినప్పుడు" అని రాశాడు, నేను దాని పక్కన "లేదా కాంటా గదిలోకి కెమెరా వచ్చినప్పుడు" అని కలిపాను.